గడప దగ్గర అవ్వ, గదిలో అమెరికా

నెల్లూరు మద్రాసు బస్టాండులో గూడూరు పల్లెవెలుగు ఎక్కితే గంటలోపే మనుబోలు. రైల్లోనూ పోవచ్చు. హౌరా నుంచి మద్రాసు పోయే పెద్ద లైను ఊరి పక్కనుంచే పోతుంది. కానీ పెద్ద బండ్లు మనుబోలును పట్టించుకోవు, ప్యాసింజరు కోసం కాచుకోవాలి. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బోర్డులు చదవడం నాకున్న వ్యసనాల్లో ఖర్చులేనిది.

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద చీరల కొట్లకూ బంగారం కొట్లకూ పైఅంతస్తుల్లో ఇప్పుడు జెండాలు కనిపిస్తాయి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా. వాటి కింద టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ, పీటీఈ. వాటి కింద టోపీలు పెట్టుకుని నవ్వుతున్న పిల్లలు. ఊరు దాటి హైవే ఎక్కాక ఆ జాగాను రొయ్యల మేత, పురుగుమందులు, సిమెంటు బోర్డులు తీసుకుంటాయి. వెంకటాచలం మండలంలో కాకుటూరు దగ్గర 2008లో పుట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం. అదే మండలంలో స్వర్ణభారత్ ట్రస్టు ఆవరణలో ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం. ఎన్నో ఏళ్ళు మైసూరులో ఉండి 2020 జనవరిలో తిక్కన జిల్లాకు చేరింది. తెలుగు భాషాభిమానిగా నేను దిగాల్సింది అక్కడ. కానీ నేను టికెట్టు కొన్నది ఇంగ్లిష్ పాఠం వినడానికి.

మనుబోలులో నాకు తెలిసిన ఇంగ్లిష్ మాస్టారు ఒకాయన ఉన్నారు. ప్రభుత్వ బడుల్లో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద నలుగురైదుగురు పిల్లలను కూర్చోబెట్టుకుంటారు. బీటెక్ అయిపోయి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చినవాళ్ళు, రాబోతున్నవాళ్ళు. టోఫెల్ కోచింగా అంటే కాదంటారు. వీసా కోచింగా అంటే చిరాకు పడతారు. "ఆ రెండూ అయిపోయినోళ్ళే నా దగ్గరికి రావాల" అన్నారు ఫోన్లో. ఆ మాట మీదే బయలుదేరాను.

ఈ దారికి భాషలు నేర్చుకునే మనుషులు కొత్త కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్య మరుసటేడు తిరిగొస్తూ ఒంగోలు, నెల్లూరు మీదుగా ఈ తీరం వెంబడే ఇల్లు చేరాడు. యాత్రా రచన పేరెత్తితే తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చే మనిషి. ఆయనకు జీతం వచ్చింది మాత్రం మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా, అంటే ఇంగ్లిష్ వల్ల. అంతకు కాస్త ముందే ఒంగోలువాడు వెన్నెలకంటి సుబ్బారావు అదే మద్రాసులో సదర్ కోర్టుకు అనువాదకుడయ్యాడు. తన జీవితకథను ఇంగ్లిష్‌లోనే రాసిపెట్టాడు. ఆయన పోయిన ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక, 1873లో కొడుకు దాన్ని అచ్చేయించాడు. వీళ్ళెవరికీ ఐఈఎల్‌టీఎస్ బ్యాండ్ స్కోరు లేదు. ఎదురుగా దొర కూర్చుని ఉంటాడు, పక్కన కక్షిదారు నిలబడి ఉంటాడు. మాట అర్థం కాకపోతే అక్కడికక్కడే అడిగి తేల్చుకోవాలి, లేకపోతే మనిషి నష్టపోతాడు.

రెండో వైపు నుంచీ ఇదే సంగతి. కుంపిణీ దొరల కుర్రాళ్ళకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో కాలేజీ పెట్టారు. అక్కడ తెలుగు పాఠం అయ్యాకే సీపీ బ్రౌను కడపకు వచ్చాడు. 1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ మద్రాసు నుంచి నెల్లూరికి మకాం మార్చాడు. 1849లో లైమన్ జ్యువెట్ వచ్చి చేరాడు. తెలుగుదేశంలో ఆ సంఘానికి చాలాకాలం నెల్లూరు ఒక్కటే దిక్కు. ఫలితం లేదు, మూసేద్దామని అమెరికాలో పెద్దలు పదేపదే అనుకునేవారు. 1853లో అట్లాంటి చర్చ జరుగుతున్నప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ నెల్లూరును ఒంటరి నక్షత్రంగా చెబుతూ ఒక పద్యం రాశాడు. అమెరికా బడిపిల్లలు తరతరాలుగా పాడుకునే 'అమెరికా' దేశభక్తి గీతం రాసింది కూడా ఆయనే. ఆ గీతం రాసిన కలమే మన నెల్లూరు మీదా పద్యం రాసిందని ట్రంకు రోడ్డు జెండాల కింద నిలబడి చెబితే, ఎంత ఫీజు అని అడుగుతారేమో.

నాకు నచ్చేదేమంటే, వాళ్ళ తెలుగు చదువుకు ఇప్పటి కోచింగుల్లాంటి ఆరువారాల గడువు లేదు. మున్షీని పెట్టుకున్నారు, బజారులో బేరాలాడారు, సంతలో నవ్వులపాలయ్యారు, ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నారు. జ్యువెట్ చివరికి తెలుగు బైబిలు సవరణకు కూర్చునేంతవాడయ్యాడు. అమెరికా నుంచి నెల్లూరికి వచ్చినవాడికి దొరికిన ఆ తీరిక, నెల్లూరు నుంచి అమెరికా పోయే పిల్లకు దొరకడం లేదు.

మనుబోలులో దిగేసరికి ఎండ ఇంకా దిగలేదు. మాస్టారి ఇంటికి పోయే దారిలో జిల్లా పరిషత్తు బడి గోడ చూడగానే టోఫెల్ పీరియడ్ గుర్తొచ్చింది. ఆ ముచ్చట రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. టోఫెల్ 1964లో పుట్టింది, అమెరికా కాలేజీల్లో చేరే పరదేశి పిల్లలకు ఇంగ్లిష్ ఏమాత్రం వచ్చో చూడటానికి. దాన్ని నడిపే ఈటీఎస్ సంస్థతో 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ బడుల్లో 3వ తరగతి నుంచి 10 దాకా శిక్షణ. చిన్నవాళ్ళకు టోఫెల్ ప్రైమరీ, పెద్దవాళ్ళకు టోఫెల్ జూనియర్. పొద్దున గంజి తాగి బడికొచ్చిన పిల్లలకు ప్యానెల్ తెర మీద అమెరికన్ గొంతులు వినిపించారు. 2024లో ప్రభుత్వం మారింది, ఆ పీరియడూ పోయింది.

అది దండగ అన్నవాళ్ళున్నారు, విప్లవం అన్నవాళ్ళున్నారు. రిటైరవడానికి ముందు ఆ పీరియడ్ చెప్పిన మా మాస్టారు రెండూ ఒప్పుకోరు. "చెవి తెరుచుకునింది సార్. ముందు ఆ గొంతు వింటే నవ్వేవోళ్ళు, సంక్రాంతి నాటికి నవ్వడం మానేసి వినడం మొదలుపెట్టినారు. నోరు తెరుచుకునే లోపల గవర్నమెంటు మారిపోయింది."

అరుగు మీద ముందుగా వచ్చి కూర్చున్న అమ్మాయి విద్యానగర్‌లో బీటెక్ చేసింది. ఆమె ఇంటి నుంచే డ్యువోలింగో పరీక్ష రాసింది. ఈ పరీక్ష గంటలో అయిపోతుంది, 160కి మార్కులు. హైదరాబాదూ చెన్నయీ పోనక్కర్లేదు. ఆమెకు లాప్‌టాప్, కెమెరా, నెట్టు ఉంటే సరిపోయింది. మన ఇళ్ళతో పేచీ వచ్చేది నియమాల దగ్గర. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. చెవులు కనిపించేట్టు కూర్చోవాలి. చూపు తెర దాటకూడదు. పక్కనుంచి ఒక గొంతు వినబడినా అనుమానమే.

మనుబోలులో గంటసేపు గొంతు వినబడని ఇల్లు ఎక్కడుంది? గుడి మైకు ఉంది, గ్యాసు బండి ఉంది, తలుపు తట్టకుండా వంటింటిదాకా వచ్చే బంధువులున్నారు. ఇంటిల్లిపాదీ ఆలోచించి అవ్వను గడప దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. గుడి పూజారికి ముందురోజే చెప్పి మైకు కట్టించారు. పాలామె వస్తే అవ్వ పెదాల మీద వేలు పెట్టింది. పక్కింటావిడ వచ్చి ఏమైందని గుసగుసగా అడిగింది. ఇంట్లో ఎవరికో బాగాలేదనుకుంది పాపం. "మా పిల్ల అమెరికావోళ్ళతో మాట్లాడతా ఉండాది, గమ్మునుండు" అని అవ్వ అన్న ఆ ఒక్క మాటే కొంపముంచుతుందేమోనని లోపల పిల్లకు చెమటలు పట్టాయట. ఏమీ కాలేదు. 120 దాటి మార్కులొచ్చాయి. యూనివర్సిటీకి అంతే కావాలి.

"మార్కులొచ్చినాయి గదా, ఇంకేం కావాల?" అన్నాడు ఆ పిల్ల నాన్న, మమ్మల్ని చూసి ఆగి. వరి మడి ఉంది, రొయ్యల గుంటల్లో వాటా ఉంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రేటు పడిపోయి నిద్రలేని రాత్రులు గడిపినవాడు. "రొయ్య అమెరికా పోయేదానికి కూడా ఇన్ని పరీక్షలు లేవు సార్. మా బిడ్డ పోయేదానికే ఇన్ని" అని నవ్వాడు. ఒకే దేశం ఆ ఇంటికి పంట రేటూ చెబుతోంది, పిల్ల భవిష్యత్తూ చెబుతోంది.

ఇంకేం కావాలన్న ఆయన ప్రశ్నకు జవాబు పాఠంలో దొరికింది.

మాస్టారు ఆ సాయంత్రం అమెరికన్ ప్రొఫెసర్ వేషం కట్టారు. యాస పెట్టలేదు, మామూలుగానే గబగబా ఇంగ్లిష్‌లో చెప్పుకుపోయారు. వచ్చే క్లాసుకు మనం మాట్లాడుకున్న ఆ రెండో భాగం చూసుకుని రండి, ఇద్దరేసి కలిసి చేయండి, కానీ ఎవరిది వాళ్ళే ఇవ్వండి, ఆలస్యమైతే సిలబస్‌లో ఉన్న పద్ధతే. అర్థమైందా? నలుగురూ తలలూపారు. ఆయన వేషం విప్పేశారు.

"ఏం అర్థమైంది? ఏ రెండో భాగం? కలిసి చేసినాక ఎవరిది వాళ్ళు రాసేదెట్టా? పద్ధతంటే ఏంది?"

ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమే లేదు, ఆయన కావాలనే తికమకగా చెప్పారు. అందులో పరీక్షంతా ఆ తలలూపడం మీదే. ఎల్‌కేజీ నుంచి మనం పిల్లలకు నేర్పిన సభ్యత అది. మాస్టారు అడిగితే తెలిసినట్టు ఉండాలి. తెలియదంటే ఇద్దరికీ పరువు తక్కువ. ఇంగ్లిష్ మీడియంలో చదివినా, టోఫెల్‌లో మంచి మార్కులు వచ్చినా ఆ తల అట్లాగే ఊగుతుంది.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి షరతు, ప్రతివాళ్ళూ మధ్యలో ఆపి ఒకటి అడగాలి. ఒక అబ్బాయి 'సారీ సర్' అని ఆగిపోయాడు. ఇంకొకడు ప్రశ్న మొత్తం మనసులో కూర్చుకుని, వ్యాకరణం సరిచూసుకుని నోరు తెరిచేలోపు ప్రొఫెసర్ మూడు మాటలు ముందుకు పోయాడు. డ్యువోలింగో అమ్మాయి మాత్రం చెయ్యెత్తి "వెయిట్, విచ్ పార్ట్?" అంది. మర్యాద లేని ఇంగ్లిష్ అని మిగతావాళ్ళు ఆమె వైపు చూశారు. మాస్టారికి కావాల్సింది సరిగ్గా అదే.

తర్వాత ఈమెయిలు. ప్రొఫెసర్‌ను రెండు రోజులు గడువు అడగాలి. పిల్లలు రాసింది చదివితే మన తాలూకాఫీసు అర్జీలు గుర్తొచ్చాయి. రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్, ఐ హంబ్లీ రిక్వెస్ట్, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్. ఎన్ని రోజులు కావాలో, ఏ పని తాలూకు గడువో ఎక్కడా లేదు. మాస్టారు పెన్ను పెట్టి మొదటి నాలుగు వరుసలూ కొట్టేశారు. కోర్సు నంబరు, ఏం కావాలి, ఎందుకు, ఎప్పటికిస్తారు. మూడు వాక్యాలు. "మర్యాద తీసేస్తే కోపం రాదా సార్?" అని ఒకడు నిజంగానే బెంగపడ్డాడు. దానికి మాస్టారు చెప్పిన సమాధానం కన్నా, రెండేళ్ళు డాలస్ పక్కన డెంటన్‌లో చదివి సెలవుకు వచ్చి ఓ పక్కన కూర్చున్న కుర్రవాడు చెప్పింది నాకు ఎక్కువ నచ్చింది. అతని మొదటి సెమిస్టరు పొడుగునా ప్రొఫెసర్ గదిలో వారానికి రెండు గంటలు తలుపు తెరిచి ఉండేది. పిల్లలు వచ్చి అడగడానికి పెట్టిన వేళ అది. అది తనకు కాదనుకున్నాడు, తెలివితక్కువవాళ్ళకేమో అనుకున్నాడు. క్లాసులో మాట్లాడితే మార్కులుంటాయని సిలబస్‌లో రాసే ఉంది. ఆ మార్కులు పోయాక చదివాడు. ఇంటికొస్తే ఐదుగురు గదివాసులూ తెలుగే. అన్నం పప్పూ తెలుగే, కారు ఎక్కినా తెలుగే. ఇంగ్లిష్ మాట్లాడే దేశంలో ఇంగ్లిష్ తక్కువ మాట్లాడిన ఏడాది అదేనన్నాడు.

ఇట్లాంటి పిల్లల కోసమే అమెరికాలో ఇంటెన్సివ్ ఇంగ్లిష్ అనే ఏర్పాటు ఒకటుంది. 1941లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రీస్ దీనికోసమే ప్రత్యేక సంస్థ పెట్టాడు. తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయాల్లో వచ్చాయి. డిగ్రీ పాఠాలకు ముందు కొన్ని నెలలు భాషే చదువు. ఎఫ్-1 వీసా మీద పోయిన విద్యార్థి ఈ కోర్సులో వారానికి కనీసం 18 గంటలు క్లాసులో కూర్చోవాలని నిబంధన. దొంగ సంస్థలు పుట్టుకొస్తుంటే 2010లో చట్టం చేసి గుర్తింపు తప్పనిసరి చేశారు. ఉపన్యాసం విని నోట్సు రాయడం, చర్చలో అడ్డుపడటం, ఇతరుల మాట తీసుకుంటే పేరు చెప్పి తీసుకోవడం, ఇవన్నీ అక్కడ పాఠాలు. జపాన్, కొరియా, కొలంబియా, బ్రెజిల్ పిల్లలు కూర్చుంటారు. ఒకప్పుడు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల మీద సౌదీ పిల్లలు బారులు తీరారు.

2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు, చైనాను దాటేసి. ఇంటెన్సివ్ ఇంగ్లిష్ తరగతుల్లో మాత్రం మనవాళ్ళు వెతికితే గానీ దొరకరు. ఒక కారణం డబ్బు. డిగ్రీకి లెక్కలోకి రాని నెలలకు వేల డాలర్లు ఎవరిస్తారు? బ్యాంకు అప్పు మీద వడ్డీ మొదలయ్యే ఉంటుంది. రెండో కారణం ఎంఓఐ లెటర్. బీటెక్ అంతా ఇంగ్లిష్‌లోనే చెప్పామని కాలేజీ ఇచ్చే కాగితం. దాన్ని చూసి పరీక్షే మాఫీ చేసే యూనివర్సిటీలూ ఉన్నాయి. ఆ కాగితంలో ఇంగ్లిష్‌లో జరిగిన క్లాసులు నిజానికి తెలుగులో జరిగాయని కాలేజీకి తెలుసు, పిల్లలకు తెలుసు, లాబ్ అటెండరుకు కూడా తెలుసు. మూడో కారణం పౌరుషం. "మేం ఇంగ్లిష్ మీడియమోళ్ళం సార్, మాకెందుకు?" అని అరుగు మీది అబ్బాయే అన్నాడు. నా ఉద్దేశంలో మొదటి రెండు కారణాలకన్నా ఇదే గట్టిది. టోక్యో నుంచి వచ్చినవాడికి తనకు ఇంగ్లిష్ రాదని తెలుసు, అందుకని కూర్చుని నేర్చుకుంటాడు. మనవాడికి వచ్చు. అదే వచ్చిన చిక్కు.

తమాషా ఏమిటంటే అట్లాంటి చదువు మన ఇంట్లోనే ఉంది. 1958లో హైదరాబాదులో పెట్టిన ఇంగ్లిష్ సంస్థ ఇప్పుడు ఇఫ్లూ. ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులు, జర్నలిస్టులు భారత ప్రభుత్వ ఖర్చు మీద అక్కడికి వచ్చి నెలల తరబడి ఇంగ్లిష్ నేర్చుకుని పోతారు. మనుబోలు పిల్ల అదే హైదరాబాదు పోతుంది, అమీర్‌పేటలో వీసా మాక్ ఇంటర్వ్యూకు.

ఆ ఇంటర్వ్యూ సంగతీ అంతే. కాన్సులేటు కిటికీ దగ్గర గడిచేది రెండు మూడు నిమిషాలు. ఈ యూనివర్సిటీయే ఎందుకు? ఖర్చు ఎవరు పెడతారు? చదివాక ఏం చేస్తావు? జవాబులు ముందే రాసిచ్చేవాళ్ళున్నారు. ఒకే పొద్దున వరుసలో నిలబడిన పదిమంది ఒకే ప్రొఫెసర్ పరిశోధన మీద ఒకే వాక్యంలో మోజు పడితే అవతలి మనిషికి ఏమనిపిస్తుందో ఊహించుకోవచ్చు. కాదంటే చేతిలో పెట్టే కాగితం మీద 214(బి) అని ఉంటుంది. ఆ అంకె మన ఊళ్ళలో అవ్వలకు కూడా తెలుసు. మనుబోలుకు చెన్నయి దగ్గర. కానీ ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన కాన్సులేటు హైదరాబాదులో ఉంది. 2008 నుంచి బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండి 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. స్లాటు ఎక్కడ దొరికితే అక్కడికి పరుగు. 2025 మే చివర స్లాట్లే ఆపేసి, జూన్ మధ్యలో మళ్ళీ తెరిచారు. ఆ మూడు వారాలు ఫోను చేతిలోంచి దించలేదని అరుగు మీద ఒకడు చెప్పాడు.

అడగలేకపోవడం ఒక్కోసారి మార్కులతో పోదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. అక్కడ పేరు రాయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది మన రాష్ట్రం పిల్లలే. కొందరి కాళ్ళకు జీపీఎస్ పట్టీలు కట్టారు. నడిపిన యజమానికి 2014లో పదహారేళ్ళ పైచిలుకు జైలు పడింది. 2019లో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీ బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే, వల వేయడానికి. క్లాసులెక్కడ, పంతుళ్ళెవరు అని అడగకుండా డబ్బు కట్టినవాళ్ళలో అందరూ అమాయకులని నేననను. కొందరికి క్లాసులు లేకపోవడమే కావాలి. కానీ ఈమెయిలు రాసి నాలుగు నిలదీసే ప్రశ్నలు వేయగలిగిన పిల్లలు ఇంకొంతమంది ఉండి ఉంటే, వాళ్ళయినా ముందే బయటపడేవాళ్ళు.

చీకటి పడబోతుంటే మాస్టారు చివరి అంకం అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. పత్రికకు రాసే మనిషి వచ్చాడు కాబట్టి ఇవాళ ప్రొఫెసర్ ఈయనే, అడగండి అన్నారు. మొదట మామూలు ప్రశ్నలు. ఏ పత్రిక, ఎన్నేళ్ళుగా. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను, వాళ్ళు తలలూపారు, మాస్టారు కసిరారు. అప్పుడు ఆ అమ్మాయి చెయ్యెత్తకుండానే అడిగింది, ఇంగ్లిష్‌లో. మా గురించి రాస్తారా? రాస్తాను. మా పేర్లు వేస్తారా? వేయను. ఎందుకు వేయరు?

మీ మంచికే, అని ఏదో అన్నాను.

"వాట్ డూ యూ మీన్? మా మంచేందో మీరెట్టా తేలుస్తారు?" సగం ఇంగ్లిష్, సగం నెల్లూరు.

నేను తెలుగులో ఏదో సర్దిచెప్పబోయాను. బస్సు టైమైందని చేతి గడియారం కూడా చూశాను. మాస్టారు ఒప్పుకోలేదు.

"తప్పించుకోబాకండి సార్. గూడూరు నుంచి నెల్లూరికి ఇంకా బస్సులుండాయి. ఇంగ్లిష్‌లో చెప్పాల."